జెర్డన్ పక్షి గ్రంథాలలో తెలుగు పాలు: చెప్పినవారు, గీసినవారు, పట్టినవారు

వ్యాస సంగ్రహం

భారతదేశ పక్షిశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన థామస్ కావర్‌హిల్ జెర్డన్ (1811–1872) 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన రాసిన గ్రంథాలను, ఆయన గురించీ ఆయన కాలపు చిత్రకారుల గురించీ వెలువడిన గ్రంథాలను తెలుగు సాహిత్య విద్యార్థి ఎందుకు చదవాలి అన్నది ఈ వ్యాసం ఎత్తుకొన్న ప్రశ్న. ఆ గ్రంథాలలో తెలుగువారి పాలు మాటగా మిగిలింది గాని మనిషిగా మిగలలేదన్నది ఇందులోని ప్రతిపాదన. ప్రతి పక్షి వర్ణనకు ముందు అచ్చయిన తెలుగు పేరును ఒక మౌఖిక రచనగా గుర్తించి, తెలుగు లిపిలోకి తిరిగి తెచ్చి, పరిష్కరించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం నిరూపించ యత్నిస్తుంది.

కీలక పదాలు: జెర్డన్, నెల్లూరు తీరం, యానాదులు, పక్షి నామాలు, కలివికోడి, నిఘంటు రచన

1. ప్రస్తావన

1839లో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో రెండు రచనలు వెలువడ్డాయి. ఒకటి తెలుగు భాషాసాహిత్యాలను గురించి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ రాసిన వ్యాసం. రెండవది దక్షిణ భారతదేశపు పక్షులను వరుసగా పేర్కొంటూ జెర్డన్ ప్రారంభించిన పట్టిక. మొదటి దానిని తెలుగు సాహిత్య చరిత్రకారులు తమదిగా స్వీకరించారు. రెండవది జంతుశాస్త్రజ్ఞుల పాలయింది. ఒకే పత్రిక, ఒకే సంవత్సరం, ఒకే నగరం నుంచి వచ్చిన ఈ రెండు రచనలను కలిపి చదివే అలవాటు మనకు లేదు.

ఈ విభజన సహజమైనదేమీ కాదు. బ్రౌన్ తాళపత్రాలను సేకరించాడు, జెర్డన్ పక్షులను సేకరించాడు. ఇద్దరికీ స్థానిక సహాయకులు ఉన్నారు, ఇద్దరూ తెలుగు మాటలను రోమను అక్షరాలలోకి దించారు. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితుల కృషిని గురించి మన పరిశోధకులు చాలాకాలంగా చర్చిస్తూనే ఉన్నారు. జెర్డన్‌కు పేర్లు చెప్పినవారి గురించి అటువంటి చర్చ సాగవలసి ఉంది. పండితుడు చెప్పిన పాఠానికి దక్కిన గౌరవం అడవిలో తిరిగేవాడు చెప్పిన పేరుకు దక్కకపోవడానికి కారణం ఆ పేరు విలువ తక్కువ కావడం కాదు. దానిని పాఠంగా మనం పరిగణించకపోవడమే కారణం.

2. జెర్డన్ జీవితం, రచనలు

జెర్డన్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి, ఈస్టిండియా కంపెనీలో సహాయ వైద్యుడుగా చేరి, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరాడు. తొలి ఉద్యోగం గంజాం ప్రాంతంలో. జ్వరం, విరేచనాలతో బాధపడే సైనికులకు వైద్యం చేస్తూనే తూర్పు కనుమల పక్షులను గమనించడం మొదలుపెట్టాడు. దక్కనులో కొన్నేళ్లు గడిపి, 1841లో ఉదకమండలంలో వివాహం చేసుకొన్న తరువాత నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చాడు.

మద్రాసు పత్రికలోని పట్టిక 1839–40లో రాగా, 50 వర్ణచిత్రాలతో కూడిన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’ 1843–47 మధ్య భాగాలుగా మద్రాసులో వెలువడింది. తరువాత మంచినీటి చేపల మీద, చీమల మీద, సరీసృపాల మీద పట్టికలు వచ్చాయి. వెయ్యికి పైగా పక్షిజాతులను వర్ణించిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ 1862–64లో కలకత్తాలో అచ్చయింది. ఆ తరువాతి తరం పరిశీలకులు పక్షులను ప్రస్తావించడానికి జెర్డన్ ఇచ్చిన వరుస సంఖ్యలనే వాడుకొన్నారంటే ఆ గ్రంథానికి ఉన్న ప్రామాణ్యం ఎంతటిదో తెలుస్తుంది. 1867లో క్షీరదాల మీద గ్రంథం వచ్చింది. 1872లో ఇంగ్లండులో మరణించాడు.

ఈ క్రమంలో ఒక చిన్న సంఘటనకు ప్రాముఖ్యం ఉంది. తాను సేకరించిన పక్షి చర్మాలను జాతినిర్ణయం కోసం జెర్డన్ స్కాట్లండులోని విలియం జార్డిన్‌కు పంపించాడు. అవి అక్కడికి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి. అప్పటినుంచి జెర్డన్ తన నిర్ణయాలను తానే చేసుకోవడం నేర్చుకొన్నాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఈ సంఘటనను సాధారణంగా ఆయన స్వావలంబనకు ఉదాహరణగా చూపిస్తారు. దానిలో మరొక అర్థం కూడా ఉంది. ఐరోపాలోని నిపుణుడు అందుబాటులో లేనప్పుడు, చర్మం నిలువ ఉండనప్పుడు, పక్షిని గుర్తించడానికి ఆధారాలుగా మిగిలేవి చిత్రం, పేరు, ఆ పేరు చెప్పిన మనిషి. జెర్డన్ స్వావలంబన అనేది ఆ మూడింటి మీద ఆధారపడడమే.

3. చెప్పినవారు

నెల్లూరులో ఉన్న కాలంలో జెర్డన్ యానాదుల సాంగత్యంలో స్థానిక జంతుజాలాన్ని గురించి ఎంతో తెలుసుకొన్నాడు. పులికాటు సరస్సు, దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలలు, శ్రీహరికోట దీవిలోని అడవి యానాదుల జీవనక్షేత్రాలు. పాముల జాడ, తేనెపట్టు జాడ, చేపల రాకపోకలు వారికి బతుకుతెరువు. మద్రాసు నగరానికి వంటచెరకు సరఫరా కోసం 1835లో ప్రభుత్వం శ్రీహరికోటను స్వాధీనం చేసుకొన్నప్పుడు అక్కడి యానాదులు అటవీ ఉత్పత్తుల సేకరణలో కూలీలయ్యారు. అంటే జెర్డన్ నెల్లూరు వచ్చేనాటికే వారి జ్ఞానం ప్రభుత్వానికి పనికివచ్చే వస్తువుగా మారడం ప్రారంభమైంది.

‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ప్రతి పక్షికి లాటిను పేరు, ఆంగ్ల నామం ఇచ్చిన తరువాత దేశభాషలలోని పేర్లు ఒక వరుసలో ఉంటాయి. హిందీ, బంగాళీ, తమిళ పేర్ల పక్కన తెలుగు పేరు కనిపిస్తుంది. ఆ వరుసను పాఠకులు చాలామంది దాటి వెళతారు. జంతుశాస్త్రజ్ఞునికి అది అనుబంధ సమాచారం. తెలుగు విద్యార్థి దృష్టిలో మాత్రం ఆ వరుసే మూలపాఠం. ఎందుకంటే గ్రంథంలో మిగిలినదంతా జెర్డన్ వాక్యం కాగా, అది ఒక్కటే తెలుగువాడి వాక్యం. ఒక్కొక్క పేరూ ఒక పరిశీలన సారాంశం. పక్షి రంగు, నడక, కూత, ఉనికి, తిండి వీటిలో దేనిని ముఖ్యమని ఎంచుకోవాలో నిర్ణయించినవాడు ఆ పేరు పెట్టినవాడే.

మన కావ్యాలలో పక్షి పరిశీలన లేదని దీని అర్థం కాదు. రాజహంస, చకోరం, చక్రవాకం వంటివి కవిసమయాలకు కట్టుబడి ఉన్నా, ఆముక్తమాల్యదలో కాలువ గట్టున రెక్కలలో తల దూర్చి నిద్రించే బాతులను చూసి, స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలని కావలివారు భ్రమపడిన పద్యం అచ్చమైన పరిశీలన. అయితే రాయలు బాతును చూశాడే గాని ఏ బాతు అని విడదీసి చెప్పలేదు. ఆ అవసరం కావ్యానికి లేదు. ఆ అవసరం ఉన్నవారు పట్టేవారు, వేటాడేవారు, చేపల కోసం అవే నీళ్లలో దిగేవారు. జాతులను విడదీసే తెలుగు మాటలు వారి నోట పుట్టాయి. లిఖిత సాహిత్యం భద్రపరచని ఆ పదజాలం ఒక ఆంగ్ల గ్రంథంలోని పేర్ల వరుసలో భద్రమైంది. జెర్డన్‌కు మనం ఇవ్వవలసిన మొదటి కృతజ్ఞత ఇది. చెప్పినవారి పేర్లు ఆ వరుసలో లేకపోవడం మొదటి ఆక్షేపణ.

4. ఒక పేరు, రెండు చదువులు

రోమను లిపి వల్ల కలిగే చిక్కును ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించిన ఒక పక్షిని సేకరించినవాడు జెర్డన్. నెల్లూరుకు ఎగువన తూర్పు కనుమల మీది కొండనేలలోను, కడప ప్రాంతంలోను మాత్రమే అది తనకు దొరికిందని ఆయన చెప్పుకొన్నాడు. పెన్నా నది ఆ ప్రాంతం గుండా ప్రవహించి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. కనుక తీరంలో పనిచేసిన వైద్యుడు ఎగువ కొండల పక్షిని చేరడం ఆ నదీలోయ వెంట సాగిన ప్రయాణమే. రెండు పట్టీల మెడ గల ఈ పక్షిని లోకం జెర్డన్ పేరుతో పిలుస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది గ్రంథాలలో దీనికి నమోదైన తెలుగు పేరును మన లిపిలోకి దించితే సుమారుగా ‘అడవ వుత తిత్తి’ అవుతుంది.

సుమారుగా అనడానికి కారణం ఉంది. రోమను అక్షరాలలో తకారానికీ టకారానికీ భేదం లేదు. ద్విత్వం ఎక్కడ పోయిందో తెలియదు. ‘అడవ’ అన్నది అడవి అని తేలికగా ఊహించవచ్చు. రెండవ మాటను ‘ఉత్త’ అని చదివితే ‘అడవి ఉత్త తిత్తి’ అవుతుంది. అప్పుడు ఖాళీ సంచి అని అర్థం వస్తుంది. పక్షులను గురించి రాసేవారు సాధారణంగా ఈ అర్థాన్నే ఇస్తారు. ‘ఉట్టి’ అని చదివినా భావం మారదు. అయితే మూడవ మాట సంచిని తెలిపే ‘తిత్తి’ అనడం తప్పనిసరి కాదు. ఈ పక్షితో రూపసామ్యం ఉన్న చిటవ జాతి పక్షులకు దేశభాషలలో కూతను అనుకరించే పేర్లు సాధారణం. తెలుగు ‘తీతువు’ అటువంటిదే. ఆ దారిన పోతే ‘తిత్తి’ ధ్వన్యనుకరణ కావచ్చు. అప్పుడు పేరు మొత్తానికి ‘అడవిలో ఉండే తీతువు వంటిది’ అన్న అర్థం సాధ్యమవుతుంది.

ఈ రెండు చదువులలో ఖాళీ సంచి అర్థం మాటల వరకు సూటిగా ఉన్నా పక్షికి పొసగదు. వేటగాడికి మాంసం గిట్టని పక్షి అని ఎవరైనా సమర్థించవచ్చు గాని అది ఊహ. ధ్వన్యనుకరణ అర్థం నామకరణ సంప్రదాయానికి పొసగుతుంది. కాని ఇటీవలి దశాబ్దాలలో పరిశోధకులు నమోదు చేసిన ఈ పక్షి కూత ‘క్విక్–కూ’ అని వినిపించే రెండు స్వరాల పిలుపు. అది ‘తిత్తి’కి దగ్గరగా లేదు. కనుక ఈ పేరు మొదట చిటవలదై, ‘అడవి’ అనే విశేషణంతో ఈ పక్షికి సంక్రమించి ఉంటుందన్న నిర్ణయం ఈ వ్యాసానికి సమంజసంగా తోస్తున్నది. పొలాల చిటవకు అడవిలో బంధువు ఇది అని గుర్తించిన వర్గీకరణ దృష్టి ఆ పేరులో ఉంది. లాటిను ద్వినామ పద్ధతి చేసే పని అదే.

ఈ చర్చ వల్ల తేలేది ఒకటి. పేరు తెలుగు లిపిలో లేనప్పుడు అది అర్థం కోల్పోవడమే కాక, తప్పు అర్థం సంపాదించుకొంటుంది. తాళపత్ర ప్రతులలోని పాఠాంతరాలకు మనం పాటించే పరిష్కరణ నియమాలు ఇటువంటి పేర్లకు కూడా వర్తించాలి.

5. నిఘంటువు దారి

జెర్డన్ వరుసలోని పేర్లకూ తెలుగు నిఘంటువుకూ మధ్య ఒక మనిషి నిలిచాడు. బ్రౌన్ తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడింది. దాని సవరించిన కూర్పు 1903లో మద్రాసులో వచ్చింది. ఆ కూర్పును సిద్ధం చేసినవారు ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. కాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం. విలియం హోవర్డ్ కాంప్‌బెల్ లండన్ మిషనుకు చెందిన మతప్రచారకుడు. కడప, గుత్తి ప్రాంతాలలో పనిచేసిన తెలుగు పండితుడు, ప్రకృతి పరిశీలకుడు. పైన చర్చించిన పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించినట్లు నమోదు చేసినది ఆయనే. ఆ తరువాత 86 సంవత్సరాలు ఆ పక్షి ఉనికి శాస్త్రలోకానికి తెలియలేదు.

1903 కూర్పులో అనేక పక్షి నామాలకు లాటిను నామాలు జతపడి ఉండడం గమనించదగినది. బట్టమేక వంటి మాట ‘ఒక పక్షి’ అన్న వివరణతో ఆగిపోకుండా నిర్దిష్టమైన జాతిని సూచించే స్థాయికి వచ్చింది. తెలుగు నిఘంటువులలో పక్షి, వృక్ష నామాల దగ్గర ‘పక్షివిశేషము’, ‘వృక్షవిశేషము’ అని వదిలివేసే అలవాటు ఎంత బలమైనదో తెలిసినవారికి ఈ మార్పు విలువ బోధపడుతుంది. వీరేశలింగం గారి సాహిత్య కృషిని గురించిన పరిశోధనలలో ఈ కూర్పుకు, అందులోని సహకారానికి మరింత చోటు ఉండాలి. ఒక సంఘసంస్కర్త, ఒక ప్రకృతి పరిశీలకుడు కలిసి తెలుగు మాటకు నిర్దిష్టార్థం కల్పించిన సందర్భం అది.

6. గీసినవారు

‘ఇలస్ట్రేషన్స్’ గ్రంథానికి జెర్డన్ ఖ్యాతి ప్రధానంగా చిత్రాల వల్ల వచ్చింది. ఆయనను ప్రకృతి చిత్రకళకు మార్గదర్శిగా పేర్కొనడానికీ ఈ గ్రంథమే ఆధారం. అయితే ఆ చిత్రాలలో అధిక భాగం దేశీయ చిత్రకారులు గీసినవి. లితో పలకల మీద పనిచేసినవారిలో సి. వి. కిష్ణరాజు అనే పేరు కనిపిస్తుంది. కృష్ణరాజు అన్న పేరును బట్టి ఆయనను తెలుగువాడని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. ఆనాటి మద్రాసులో తెలుగు, తమిళ చిత్రకారులు ఒకే పనిలో ఉన్నారు. ఇక్కడ ప్రధానమైనది ఆయన భాష కాదు, గ్రంథంలో ఆయన స్థానం. గ్రంథం శీర్షికలోనే ‘చిత్రాలు’ అన్న మాట ఉంది. రచయిత పేరు శీర్షిక కింద ఉంది. చిత్రకారుని పేరు పలక అడుగున ఉంది.

ఇదే కాలంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు పనిచేశారు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరును కలిపి ‘గోవిందూయియా’ అని నామకరణం చేశాడు. 2007లో హెన్రీ నోల్టీ మూడు సంపుటాలుగా ప్రచురించిన గ్రంథానికి పెట్టిన శీర్షికలో వైట్ పేరు పక్కన రంగయ్య, గోవిందుల పేర్లు సమానంగా ఉన్నాయి. ప్రకృతి చిత్రకళపై గ్రంథం ఎలా రాయవచ్చో చూపే నమూనా అది. చిత్రకారుని సహాయకుడుగా గాక కర్తగా చూసినప్పుడు, చిత్రంలోని ఆకు ఈనె ఎందుకు అలా గీయబడిందన్న ప్రశ్న శాస్త్రజ్ఞుని ఆదేశంతో ఆగిపోక, దేశీయ చిత్రకళా శిక్షణ దాకా వెళుతుంది.

పక్షులకు సంబంధించి ఆ స్థాయి పని జరగవలసి ఉంది. హైదరాబాదుకు చెందిన ఆశీష్ పిట్టి 2010లో ప్రచురించిన ‘బర్డ్స్ ఇన్ బుక్స్’ దక్షిణాసియా పక్షిశాస్త్ర గ్రంథాలకు వ్యాఖ్యానసహితమైన గ్రంథసూచి. జెర్డన్ గ్రంథాలను ఒక సంప్రదాయంలో భాగంగా చూడడానికి అది అవసరమైన ఆధారం. బో బెయోలెన్స్, మైకేల్ వాట్కిన్స్ రాసిన ‘హూజ్ బర్డ్?’ (2003) వంటి గ్రంథాల నిర్మాణం వేరు. పక్షికి ఎవరి పేరు పెట్టారో వారి జీవితమే అక్కడ ఒక ఆరోపం. అటువంటి గ్రంథం ఎంత ఉపయోగకరమైనా, పేరు పెట్టించుకొన్నవారి చరిత్ర అవుతుంది గాని పేరు పెట్టినవారి చరిత్ర కాలేదు.

7. పట్టినవారు

1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఆ పక్షి మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షాన అన్వేషణ సాగించిన భరత్ భూషణ్ గ్రామస్థులకు పక్షి చిత్రాలు చూపి వివరాలు అడిగే పద్ధతి అవలంబించాడు. స్థానికుడైన ఐతన్న రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని పట్టాడు. ఆ ఊళ్లలో దాని పేరు కలివికోడి. కలివి పొదల మధ్య తిరిగే కోడి వంటి పక్షి అని అర్థం.

సాహిత్య విద్యార్థి దృష్టిలో ఈ సంఘటన విశేషం ఏమంటే, పంతొమ్మిదవ శతాబ్ది గ్రంథం విడదీసిన మూడు అంశాలు ఇక్కడ మళ్లీ ఒకచోట చేరాయి. చిత్రం ఉంది, తెలుగు పేరు ఉంది, ఆ పేరు చెప్పగల మనిషి ఉన్నాడు. ఆ మనిషి పేరు కూడా నమోదైంది. కలివికోడి అన్న పేరు పక్షిని ఎక్కడ వెదకాలో చెబుతుంది. అడవ వుత తిత్తి అన్న పేరు పక్షి దేనికి బంధువో చెబుతుంది. ఒకటి ఆవాసాన్ని, మరొకటి సాదృశ్యాన్ని ఆధారం చేసుకొన్న నామకరణాలు. రెండూ శాస్త్రదృష్టికి చెందినవే.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఆవాసాన్ని తాకినప్పుడు కాలువ మార్గం మార్చవలసి వచ్చింది. ఆ చర్చ అంతటా పత్రికలలో వినిపించిన మాట కలివికోడి. జెర్డన్ పేరుతో ఉన్న ఆంగ్ల నామం శాస్త్ర పత్రాలలో నిలవగా, తెలుగు పాఠకుని మనసులో పక్షికి చోటు కల్పించినది గ్రామీణుల మాట. ఒక పేరు బతికి ఉండడం వల్ల కలిగే ప్రయోజనానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

8. ముగింపు

నెల్లూరు తీరంలో పరిస్థితి ఇందుకు భిన్నం. శ్రీహరికోట 1969లో అంతరిక్ష ప్రయోగ కేంద్రానికి ఎంపికైంది. దీవిలోని యానాది కుటుంబాలు చెదిరిపోయాయి. పులికాటుకు వచ్చే పక్షులను చూడడానికి సూళ్లూరుపేటకు, నేలపట్టుకు ఏటా సందర్శకులు వస్తారు. పక్షుల పండుగ పేరే ‘ఫ్లెమింగో ఫెస్టివల్’. తీరంలో పుట్టిన పేర్లు ఆ తీరపు పండుగలోనే వినబడకపోవడం భాషా విద్యార్థులు ఆలోచించవలసిన విషయం. కలివికోడి విషయంలో పేరు చెప్పగల మనిషి సమయానికి దొరికాడు. తీరంలో ఆ అవకాశం తరం తరానికీ తగ్గుతున్నది.

ఈ పరిశీలన ఆధారంగా తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు మూడు. జెర్డన్ గ్రంథాలలోని తెలుగు పేర్లన్నింటినీ సంకలనం చేసి, సాధ్యమైన పాఠాంతరాలతో తెలుగు లిపిలో పరిష్కరించడం మొదటిది. పులికాటు చుట్టుపక్కల యానాది పెద్దల నుంచి పక్షి నామాలను ధ్వనిముద్రణ చేసి ఆ సంకలనంతో పోల్చి, చెప్పినవారి పేర్లతో సహా ప్రచురించడం రెండవది. 1903 నాటి నిఘంటు కూర్పులో పక్షి నామాల ఆరోపాలను 1852 కూర్పుతో పోల్చి, చేరినవి ఏవో తేల్చడం మూడవది. మొదటిదీ మూడవదీ గ్రంథాలయంలో ఎప్పుడైనా చేయవచ్చు. రెండవ పనికి మాత్రం గడువు ఉంది. కనుక దానితోనే ప్రారంభించాలి.